ఎక్స్‌బాక్స్ కేబుల్‌ను కోసే ముందు: కాంపొనెంట్ బొమ్మ, 5.1 శబ్దం ఎక్కడి నుంచి వస్తాయి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. చిత్తూరులో మీ ఇంట్లో మైక్రోసాఫ్ట్ గేమ్ కన్సోల్ అయిన మొదటి తరం ఎక్స్‌బాక్స్ ఉంది, మీ మేనమామ దాన్ని అమెరికా నుంచి తెచ్చారు. దానితో వచ్చిన పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల కేబుల్‌తో టీవీకి కలిపితే బొమ్మ మసకగా ఉంటోంది, అక్షరాల అంచుల వెంట రంగు చుక్కలు పాకుతున్నాయి. టీవీకి కాంపొనెంట్ ఇన్‌పుట్ (బొమ్మను మూడు తీగల మీద విడివిడిగా తీసుకునే రంధ్రాలు) ఉంది, పక్కన ఆప్టికల్ ఇన్‌పుట్ (శబ్దాన్ని కాంతి రూపంలో తీసుకునే రంధ్రం) ఉన్న 5.1 రిసీవర్, అంటే ఆరు స్పీకర్లకు ఆరు చానళ్ళ శబ్దం ఇచ్చే పెట్టె కూడా ఉంది. ఉన్న కేబుల్‌నే కోసి, లావుపాటి వైరు వేసి, బంగారు పూత పిన్నులు బిగిస్తే బొమ్మ తేటపడుతుందా, ఆరు స్పీకర్లూ పలుకుతాయా అని అడిగారు.

దయచేసి ఆ కేబుల్‌ను కోయకండి. తిరుపతిలో చాలా ఏళ్ళుగా టీవీలు, గేమ్ కన్సోళ్ళు బాగుచేస్తున్నాను. ఈ ఆలోచనతో కోసిన కేబుళ్ళు నా బల్ల మీదికి ఎన్నో వచ్చాయి. ఆ పసుపు వైరులో పోతున్నది కాంపోజిట్ సిగ్నల్. అంటే బొమ్మ వెలుగు నీడలనూ, రంగునూ కన్సోల్ లోపలే ఒకదానిలో ఒకటి కలిపేసి ఒకే తీగ మీద పంపుతుంది. అమెరికా కన్సోల్ ఎన్‌టీఎస్‌సీ పద్ధతిది (అమెరికా టీవీ పద్ధతి) కాబట్టి రంగు సుమారు 3.58 మెగాహెర్ట్‌జ్ దగ్గర ఒక ఉపతరంగం మీద కూర్చుంటుంది, వెలుగు వివరాలు 4.2 మెగాహెర్ట్‌జ్ దాకా పరచుకొని ఉంటాయి. రెండూ ఒకే చోట పడినప్పుడు ఏది రంగు, ఏది సన్నని గీత అన్నది టీవీ పూర్తిగా తేల్చుకోలేదు. తేల్చలేని చోటే మీకు ఆ పాకే చుక్కలు కనిపిస్తాయి. పాలూ నీళ్ళూ కలిసిపోయాక వెండి గ్లాసులో పోసినా, మట్టి గ్లాసులో పోసినా అవి విడిపోవు కదా. లావుపాటి వైరు, బంగారు పూత ఇక్కడ చేసేది అంతకంటే ఎక్కువ లేదు. పూత వల్ల పిన్ను తుప్పు పట్టకపోవడం ఒక్కటే లాభం. మన ఊళ్ళ ఎండకూ, దుమ్ముకూ అది పనికొచ్చే లాభమే, కాని దానివల్ల బొమ్మ మారదు.

మారవలసింది వైరు కాదు, కన్సోల్ నుంచి బయటకు వచ్చే సిగ్నల్. కలపకముందే విడివిడిగా తీసుకుంటే విడదీసే పనే ఉండదు. ఎస్‌-వీడియోలో వెలుగు ఒక తీగ మీద, రంగు మరో తీగ మీద వస్తాయి. కాంపొనెంట్‌లో మూడు తీగలు: ఆకుపచ్చ పిన్ను మీద వెలుగుతో పాటు సింక్ (గీతలు ఎక్కడ మొదలవాలో టీవీకి చెప్పే గుర్తు), నీలం పిన్ను మీద, ఎరుపు పిన్ను మీద రెండు రంగు భేదాలు. ఇందులో ఉపతరంగమే లేదు కాబట్టి, ఎన్‌టీఎస్‌సీ కన్సోల్‌ను మన దేశపు పాల్ పద్ధతి టీవీకి కలిపితే రంగు పోయి నలుపు తెలుపు బొమ్మ వచ్చే పాత ఇబ్బంది కూడా ఉండదు. టీవీ 60 హెర్ట్‌జ్‌ను అందుకోగలిగితే చాలు. పైగా ఎక్స్‌బాక్స్‌లో 480పీ, 720పీ, 1080ఐ అనే పై స్థాయిలు (అంకె బొమ్మలోని గీతల సంఖ్య; పీ అంటే అన్ని గీతలూ ఒకేసారి, ఐ అంటే ఒకటి విడిచి ఒకటి) కాంపొనెంట్ దారిలోనే దొరుకుతాయి. మీది అమెరికా కన్సోల్ కావడం ఇక్కడ అదృష్టం. గల్ఫ్ నుంచో, ఐరోపా నుంచో వచ్చిన పాల్ కన్సోల్ అయితే దాని మెనూలో ఆ స్థాయిలు కనిపించవు, ముందు లోపలి ప్రాంతపు సెట్టింగును మార్చుకోవలసి వస్తుంది.

ఇప్పుడు కోయవద్దన్న అసలు కారణం చెబుతాను. ఎక్స్‌బాక్స్ వెనక ఉండే ఏవీ సాకెట్‌లో రెండు వరుసలుగా 24 పిన్నులు ఉన్నాయి. కన్సోల్‌తో ఉచితంగా ఇచ్చిన కేబుల్ ప్లగ్గును వెలుతురులో పట్టుకొని లోపలికి చూడండి. చాలా చోట్ల గాడి మాత్రమే కనిపిస్తుంది, అందులో రాగి పన్ను, అంటే సాకెట్ పిన్నును తాకే లోహపు ముక్క, ఉండదు. తయారీలో ఆదా కోసం, కాంపోజిట్‌కూ, రెండు ఆడియో తీగలకూ కావలసిన పళ్ళు మాత్రమే పెట్టి మిగతా గాళ్ళను ఖాళీగా వదిలేస్తారు. మీరు ఎంత మంచి వైరు తెచ్చినా అతికించడానికి అక్కడ పన్నే లేదు. అంతటితో అయిపోలేదు. ఏ కేబుల్ తగిలించారో కన్సోల్ గుర్తుపట్టడానికి ఆ సాకెట్‌లో కొన్ని మోడ్ పిన్నులు ఉంటాయి. ప్లగ్గు లోపల వాటిలో ఏవి గ్రౌండ్‌కు కలిసి ఉన్నాయో చూసి కన్సోల్ తన వీడియో చిప్పును సిద్ధం చేసుకుంటుంది. ఒకే వీడియో పిన్ను మీద ఒక మోడ్‌లో ఒక సిగ్నల్, మరో మోడ్‌లో మరో సిగ్నల్ వస్తుంది. మోడ్ మార్చకుండా మూడు తీగలు అతికిస్తే పచ్చటి బొమ్మో, నల్లటి తెరో వచ్చి, తప్పు అతుకులో ఉందనుకొని మూడు రాత్రులు పోగొట్టుకుంటారు.

కాబట్టి దారి ఇది. ఎక్స్‌బాక్స్ కోసమే చేసిన కాంపొనెంట్ కేబుల్ ఒకటి కొనండి. మైక్రోసాఫ్ట్ అప్పట్లో అమ్మినవాటిలో మనకు సంబంధించినవి మూడు: మామూలు ఏవీ కేబుల్, ఎస్‌-వీడియోతో పాటు ఆప్టికల్ రంధ్రం ఉన్న అడ్వాన్స్‌డ్ ఏవీ ప్యాక్, కాంపొనెంట్‌తో పాటు ఆప్టికల్ ఉన్న హై డెఫినిషన్ ఏవీ ప్యాక్. ఆ చివరిది మీకు దొరికితే ఇక ఈ సమాధానం చదవడం ఆపేసి ఆట మొదలుపెట్టండి. ఎక్కువగా దొరికేవి మాత్రం ఇతరులు చేసిన చౌక కేబుళ్ళు. వాటిలో కాంపొనెంట్ ఉంటుంది, మోడ్ పిన్నులు సరిగా ఉంటాయి, ఆప్టికల్ మాత్రం ఉండదు. మనం చేతులు పెట్టవలసింది ఆ కేబుల్‌కే.

శబ్దం సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నలో ఎక్కువ అపోహ అక్కడే ఉంది. ఎరుపు, తెలుపు పిన్నుల్లో వచ్చేవి రెండే చానళ్ళు. వాటిలోంచి డాల్బీ ప్రో లాజిక్ లాంటి పద్ధతితో వెనక స్పీకర్లకు కొంత శబ్దాన్ని ఊహించి తీయవచ్చు, అది 5.1 కాదు. అసలైన 5.1 ఎక్స్‌బాక్స్‌లో డాల్బీ డిజిటల్ రూపంలో పుడుతుంది. ఆట నడుస్తూ ఉండగానే అప్పటికప్పుడు ఆరు చానళ్ళను డాల్బీ డిజిటల్‌గా మలిచే సత్తా దాని ఎన్‌విడియా చిప్పుకు ఉంది. 2001 నాటి కన్సోల్‌కు అది చిన్న విషయం కాదు, ఆ రోజుల్లో పోటీగా ఉన్న సోనీ ప్లేస్టేషన్ 2 చాలావరకు సినిమా డిస్కులకూ, ఆట మధ్యలో వచ్చే దృశ్యాలకూ మాత్రమే అది ఇచ్చేది. ఇలా పుట్టిన ధార ఎస్‌పీడీఐఎఫ్ అనే డిజిటల్ సిగ్నల్‌గా అదే 24 పిన్నుల సాకెట్‌లో ఒక పిన్ను మీదికి వస్తుంది. పెట్టె మీద ఎక్కడా ఆప్టికల్ రంధ్రం లేనంత మాత్రాన సిగ్నల్ లేదని కాదు. అది విద్యుత్ రూపంలో అక్కడే ఉంది, దాన్ని కాంతిగా మార్చే చిన్న భాగం కేబుల్‌లో ఉండాలి. మైక్రోసాఫ్ట్ కేబుల్ చివరన ఉన్న చిన్న డబ్బా చేసే పని అదే. ప్లేస్టేషన్ 2 ఉన్నవారికి ఈ బాధ లేదు, దాని వెనకే ఆప్టికల్ రంధ్రం ఉంది. దానికి కాంపొనెంట్ కేబుల్ కొని, మెనూలో ఆర్‌జీబీకి బదులు కాంపొనెంట్ ఎంచుకుంటే చాలు.

ఇక పని. ప్లగ్గు మూత రెండు ముక్కలుగా అతికి ఉంటుంది. బ్లేడుతో అతుకు వెంట మెల్లగా గీస్తూ, నాలుగు వైపులా కొంచెం కొంచెంగా విప్పండి. ఒకేచోట గుచ్చి లేపితే లోపలి గొళ్ళెం విరుగుతుంది. లోపల ఒక లోహపు తొడుగు, దాని కింద రెండు వరుసల పళ్ళ వెనక చివరలు కనిపిస్తాయి. కొన్ని కేబుళ్ళలో వాటి మీద వేడి జిగురు పోసి ఉంటుంది, గోటితో గిల్లితే ఊడిపోతుంది. ఎస్‌పీడీఐఎఫ్ స్థానంలో పన్ను ఉందా లేదా అన్నది ఇప్పుడే చూసుకోండి. లేకపోతే మీరు కోయాలనుకున్న ఆ పాత కేబుల్ ఇక్కడ పనికొస్తుంది: దాని ప్లగ్గులోంచి ఒక పన్నును సన్నని సూదితో వెనక్కి తోసి తీసి, ఖాళీ గాడిలో దింపవచ్చు. ఆ కేబుల్‌కు నేను ఒప్పుకునే శస్త్రచికిత్స అది ఒక్కటే.

పిన్నుల నంబర్లను ఇక్కడ కావాలనే రాయడం లేదు. ఇంటర్నెట్‌లో దొరికే బొమ్మల్లో కొన్ని సాకెట్ వైపు నుంచి గీసినవి, కొన్ని ప్లగ్గు వెనక నుంచి గీసినవి. అద్దంలో చూసినట్టు తారుమారవుతాయి. నంబరును నమ్ముకొని అతికిస్తే 5 వోల్టుల పిన్నుకు అతికించే ప్రమాదం ఉంది. రెండు వేర్వేరు బొమ్మలు దగ్గర పెట్టుకొని, మల్టీమీటరును కంటిన్యుటీలో (రెండు చోట్లు కలిసి ఉంటే బీప్ ఇచ్చే స్థానంలో) పెట్టి, లోహపు తొడుగుతో బీప్ ఇచ్చే గ్రౌండ్ పిన్నులు మీ బొమ్మలో ఉన్న చోటే పడుతున్నాయో లేదో ముందు సరిచూసుకోండి. తరువాత ప్లగ్గు తగిలించి, కన్సోల్ ఆన్ చేసి, డీసీ వోల్టులలో పెట్టి చూడండి. 5 వోల్టుల పిన్ను కదలకుండా 5 చూపిస్తుంది. ఎస్‌పీడీఐఎఫ్ పిన్ను మాత్రం పూర్తి వోల్టేజీలో సగం దగ్గర నిలుస్తుంది, ఎందుకంటే ఆ సంకేతపద్ధతిలో పైన గడిపే సమయం, కింద గడిపే సమయం సగటున సమానం. మీటరు 2.5 దగ్గర చూపిస్తే ఆ సిగ్నల్ 5 వోల్టుల ఎత్తు ఎగిరిపడుతోందని, 1.6 దగ్గర చూపిస్తే 3.3 వోల్టులదని అర్థం. సిగ్నల్ ఆకారాన్ని తెర మీద చూపే ఆసిలోస్కోప్ లేనివారికి ఈ కొలత చాలు. మీటరు మొన జారి పక్క పన్నును తాకకుండా, మొనకు చివరి రెండు మిల్లీమీటర్లు వదిలి మిగతా అంతా స్లీవ్ తొడగండి.

కాంతిగా మార్చే భాగానికి అంగట్లో ఆప్టికల్ ట్రాన్స్‌మిటర్ అని అడగాలి. తోషిబా 1983లో తెచ్చిన టాస్‌లింక్ పద్ధతే నేటికీ ఆప్టికల్ ఆడియో అంటే. దాని పాత భాగం టీఓటీఎక్స్‌173. దానికి 5 వోల్టులు, గ్రౌండ్, సిగ్నల్‌తో పాటు లోపలి దీపపు కరెంటును నిర్ణయించే 8.2 కిలోఓమ్‌ల రెసిస్టరు కావాలి. కొత్త భాగాలకు ఆ రెసిస్టరు అక్కరలేదు. ఏదైనా సరే, 5 వోల్టులకూ గ్రౌండ్‌కూ మధ్య భాగానికి ఆనుకొని 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు తప్పనిసరి. అది లేకుండా కూడా ఎర్రటి వెలుగు వస్తుంది, కాని శబ్దం మధ్యమధ్యలో తెగుతుంది. మన తిరుపతిలో, చిత్తూరులో ఇలాంటి భాగాలు దొరకడం కష్టం. మనవాళ్ళంతా చెన్నై రిచీ స్ట్రీట్‌కే పోతారు. నేను మొదటిసారి పొద్దున్నే రైల్లో పోయి, మధ్యాహ్నం దాకా తిరిగి, రెండు భాగాలు కొనుక్కొచ్చి రాత్రి అతికిస్తే వెలుగే రాలేదు. అద్దం పెట్టి చూస్తే దాని మీద టీఓఆర్‌ఎక్స్ అని ఉంది. అది కాంతిని తీసుకునే భాగం, పంపేది కాదు. రెండూ చూడటానికి కవల పిల్లల్లా ఉంటాయి. మూడో అక్షరం టీ ఉంటే పంపేది, ఆర్ ఉంటే అందుకునేది. తప్పు అంగడివారిది కాదు, చూసుకోకుండా సంచిలో వేసుకున్నది నేనే.

ఈ ట్రాన్స్‌మిటరును రిసీవర్ దగ్గర కాకుండా ప్లగ్గుకు జానెడు దూరంలోనే పెట్టండి. ఎస్‌పీడీఐఎఫ్ 48 కిలోహెర్ట్‌జ్ శబ్దానికి సెకనుకు 30 లక్షలకు పైగా బిట్లు మోస్తుంది. దాన్ని మామూలు ఆడియో వైరులో రెండు మీటర్లు లాగితే పక్కనున్న వీడియో తీగల మీద సన్నని జల్లులా పడుతుంది. పొడవు కావాలంటే ఆప్టికల్ తీగను పొడవుగా తీసుకోండి, కాంతి ఏ వీడియో తీగనూ కలవరపెట్టదు. మీ రిసీవరులో ఆప్టికల్ రంధ్రాన్ని ఇప్పటికే సెట్‌టాప్ బాక్సు ఆక్రమించి, కోయాక్సియల్ రంధ్రం (అదే డిజిటల్ శబ్దాన్ని విద్యుత్ రూపంలో తీసుకునేది) ఖాళీగా ఉంటే దానికీ దారి ఉంది. సిగ్నల్‌ను నేరుగా ఇవ్వకూడదు. ఆ రంధ్రానికి కావలసింది 75 ఓమ్‌ల మీద అర వోల్టు మాత్రమే. 5 వోల్టుల సిగ్నల్ అయితే వరుసలో 390 ఓమ్‌లు, గ్రౌండ్‌కు 91 ఓమ్‌లు, 3.3 వోల్టులదైతే 240, 110. ముందు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు ఒకటి వరుసలో పెట్టండి. ఆ రెసిస్టర్ల ధర రూపాయల్లో ఉంటుంది. అయినా నా ఓటు ఆప్టికల్‌కే, ఎందుకంటే మన ఇళ్ళలో హమ్మింగ్, అంటే స్పీకర్లలో ఆగని గుర్రు, అనే పీడ ఉంది.

దాని గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే కన్సోళ్ళు చెడిపోవడానికి నేను చూసిన పెద్ద కారణం అతుకులు కాదు, ఇది. మన ఇళ్ళలో చాలా సాకెట్లకు ఎర్త్ ఉండదు, ఉన్నా అది పనిచేయదు. రెండు పిన్నుల ప్లగ్గున్న టీవీ, రిసీవర్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల వాటి లోహపు భాగాలు గ్రౌండ్‌కు దాదాపు 100 వోల్టుల ఏసీ మీద తేలుతూ ఉంటాయి. చేయి తగిలితే చీమ కుట్టినట్టు ఉండేది అదే. కరెంటు చాలా తక్కువ కాబట్టి మనిషికి ప్రమాదం తక్కువ, చిప్పుకు మాత్రం చాలు. మనం వాడే ఆర్‌సీఏ పిన్నులో (పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల రకం ఇదే) మధ్య సూది ముందు తగులుతుంది, చుట్టూ ఉన్న గ్రౌండ్ తొడుగు తరువాత తగులుతుంది. పరికరాలు ఆన్‌లో ఉండగా పిన్ను గుచ్చితే ఆ తేడా అంతా ఒక క్షణం సిగ్నల్ తీగ గుండా పోతుంది. కేబుల్ టీవీ తీగ కూడా టీవీకి తగిలించి ఉంటే మరీ దారుణం, దాని తొడుగు వీధి చివరి నుంచి మరో గ్రౌండ్‌ను మోసుకొస్తుంది. స్పీకర్లలో ఆగకుండా వినిపించే 50 హెర్ట్‌జ్ గుర్రు అక్కడిదే. కాబట్టి కలిపేటప్పుడు అన్నిటి ప్లగ్గులూ గోడ నుంచి తీసెయ్యండి, స్విచ్చి ఆపితే చాలదు. శబ్దం ఆప్టికల్‌లో పోతే రిసీవర్‌కూ కన్సోల్‌కూ మధ్య లోహపు సంబంధమే ఉండదు, ఆ గుర్రు దానంతటదే పోతుంది. దీన్నే అంటి ఉన్న మరో మాట: మీ కన్సోల్ అమెరికాది, దాని పవర్ సప్లై 120 వోల్టులకు చేసింది. మీరు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడుతున్నారని అనుకుంటున్నాను. దాన్ని మరిచి నేరుగా 230లో గుచ్చితే ఇక ఏ కేబుల్‌తోనూ పని ఉండదు.

కాంపొనెంట్ కేబుల్ వైరును కూడా మార్చాలా అంటే, ముందు మార్చకుండా చూడండి. 480ఐ సిగ్నల్‌లో ఆరు మెగాహెర్ట్‌జ్‌కు మించిన వివరం దాదాపు ఉండదు. ఆ తరంగం కోయాక్స్ వైరులో సుమారు 33 మీటర్ల పొడవు ఉంటుంది, మీ రెండు మీటర్ల వైరు దానికి ఒక లెక్క కాదు. 720పీకి వెళితే వివరం 37 మెగాహెర్ట్‌జ్ దాకా పోతుంది, అక్కడ తరంగం ఐదారు మీటర్లే. అప్పుడు వైరు 75 ఓమ్‌లది కాకపోతే నిలువు గీతల పక్కన నీడలాంటి రెండో గీత కనిపించవచ్చు. కనిపిస్తే మూడు తీగలనూ సన్నని 75 ఓమ్‌ల కోయాక్స్‌తో మార్చండి. ఆర్‌జీ‌-59 సరిపోతుంది, కాస్త మొరటుగా ఉంటుంది. కేబుల్ టీవీవాళ్ళ దగ్గర మిగిలిన ఆర్‌జీ‌-6 ముక్క ఉచితంగా దొరుకుతుంది కదా అని వాడకండి. మధ్య తీగ తరచుగా రాగి పూసిన ఉక్కు, ఆ బిరుసుకు ప్లగ్గులోని పళ్ళు ఊడి వస్తాయి. ఆర్‌జీ‌-58 అయితే 50 ఓమ్‌లది, చూడటానికి మాత్రం ఒకేలా ఉంటుంది. ఒక్కొక్క కోయాక్స్ తొడుగును దాని పక్కనున్న గ్రౌండ్ పన్నుకే విడిగా అతికించండి, అన్నిటినీ ముడివేసి ఒక్క చోట అతికించే అలవాటు మంచిది కాదు.

25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సన్నని మొన, 60/40 లెడ్, కొంచెం ఫ్లక్స్ ఉంటే చాలు. పన్నుకు ముందు లెడ్ పూసి, తీగకు విడిగా పూసి, రెండూ కలిపి ఒక్క సెకను తాకించాలి. అంతకంటే ఆగితే కింద ప్లాస్టిక్ మెత్తబడి పన్ను పక్కకు వాలుతుంది. కోయాక్స్ తొడుగులోని వెంట్రుకల్లాంటి తీగలు ఒక్కటి కూడా బయట మిగలకూడదు. ఒకసారి అలాంటి వెంట్రుక ఒకటి నా చేతుల్లోనే 5 వోల్టుల పన్నును తాకి కన్సోల్ అక్కడికక్కడే ఆగిపోయింది. తీసేశాక మళ్ళీ లేచింది గాని, ఆ నిమిషంలో నా గుండె మాత్రం ఆగినంత పనయింది. మూత మూసే ముందు 5 వోల్టుల పన్నుకూ దాని చుట్టుపక్కల ప్రతి పన్నుకూ మధ్య బీప్ రావడం లేదని చూసుకోండి.

పరీక్షకు ఒక చిన్న ఉపాయం ఉంది. కన్సోల్ 480ఐలో ఉండగా ఆకుపచ్చ పిన్నును ఒక్కదాన్నే టీవీ పసుపు రంధ్రంలో పెట్టండి. శుభ్రమైన నలుపు తెలుపు బొమ్మ వస్తే వెలుగు, సింక్ సరిగా వస్తున్నట్టే. మిగిలిన తప్పేదైనా నీలం, ఎరుపు తీగల్లోనే వెతకాలి. ఆ రెండూ తారుమారైతే మనుషుల ముఖాలు నీలంగా కనిపిస్తాయి. కొన్ని టీవీలలో పసుపు, ఆకుపచ్చ రెండింటికీ ఒకటే రంధ్రం ఉంటుంది, అలాంటప్పుడు మెనూలో ఏది ఎంచుకున్నారో చూడండి. ఆ తరువాత కన్సోల్ సెట్టింగ్స్‌లో వీడియోలోకి వెళ్ళి 480పీ, 720పీ ఆన్ చేయండి, ఆడియోలో డిజిటల్ అవుట్‌పుట్ దగ్గర డాల్బీ డిజిటల్ ఎంచుకోండి. రిసీవర్ తెర మీద డాల్బీ డిజిటల్ అని రావాలి. పీసీఎం (మామూలు రెండు చానళ్ళ డిజిటల్ శబ్దం) అని వస్తే తీగ బాగానే ఉంది, సెట్టింగే మారలేదు. శబ్దాన్ని టీవీ గుండా తిప్పి దాని ఆప్టికల్ నుంచి తీసుకోకండి, చాలా టీవీలు బయటి నుంచి వచ్చినదాన్ని రెండు చానళ్ళకు కుదించి పంపుతాయి.

మీ రిసీవర్ మీద డాల్బీ డిజిటల్ గుర్తు ఉందో లేదో మీరు రాయలేదు. వెనక ఆప్టికల్ రంధ్రం ఉన్నా ఆ గుర్తు లేని సెట్లు మన అంగళ్ళలో 5.1 పేరుతో అమ్ముతారు. అవి రెండు చానళ్ళనే ఆరు స్పీకర్లకు పంచుతాయి. అలాంటిదైతే ఆప్టికల్ తీసుకొని ఆరు ఆర్‌సీఏలు ఇచ్చే చిన్న డీకోడర్ డబ్బా మధ్యలో కావాలి, దానికి రిసీవర్ వెనక ఆరు అనలాగ్ ఇన్‌పుట్లు కూడా ఉండాలి. కాంపొనెంట్ కేబుల్ వచ్చి ప్లగ్గు మూత తీశాక, అతికించే ముందు పళ్ళ వరుసలను రెండు వైపుల నుంచీ, రిసీవర్ వెనక భాగాన్నీ ఫోటోలు తీసి ఇక్కడే పెట్టండి; ఎస్‌పీడీఐఎఫ్ పన్ను ఉందో లేదో, మీకు డీకోడర్ కావాలో వద్దో చూసి చెబుతాను.